మొదటిసారి అభ్యంగనానికి వెళ్లాను, లోపల ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చెప్తాను

24 ఏళ్లుగా బోర్డు మీద లెక్కలు రాస్తున్న చెయ్యి నాది. కుడి భుజం వెనక, రెక్క ఎముక లోపలి అంచున ఒక చోట ఎప్పుడూ బరువుగా, సలుపుగా ఉంటుంది. పోయిన సంక్రాంతి తర్వాత ఆ సలుపు మెడ దాకా పాకింది. రాత్రి పక్కకి తిరగాలన్నా లేచి కూర్చుని తిరగాల్సి వచ్చేది. ఎముకల డాక్టర్‌కి చూపిస్తే ఎక్స్‌రే తీసి, ఎముకలో ఏమీ లేదు, కండరాలు బిగుసుకుపోయాయి అని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ వ్యాయామాలు నేర్పించిన అమ్మాయే "ఒకసారి మంచి చోట మసాజ్ చేయించుకోండి మేడమ్, కండరం కాస్త వదులైతే ఇవి చేయడం మీకు సులువవుతుంది" అంది.

ఆ మాట విన్నాక కూడా రెండు నెలలు వెళ్లలేదు. డబ్బు సంగతి కాదు. బట్టలు ఎంతవరకు తీయాలి, ఎవరు చేస్తారు, తలుపు వేస్తారా, నొప్పి పెడితే ఏమనాలి, మెళ్లో పుస్తెలతాడు ఏం చేయాలి... ఇవన్నీ ఎవరిని అడగాలో తెలియలేదు. మన ఇళ్లల్లో ఒళ్లు పట్టించుకోవడం కొత్తేమీ కాదు కదా. పసిపిల్లకి నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం పోస్తాం, బాలింతకి నూనె పట్టిస్తాం, దీపావళికి, ఉగాదికి తెల్లవారుజామున తలంటు ఎలాగూ ఉంటుంది. కానీ అవన్నీ మన అమ్మో, నాయనమ్మో, ఊళ్లో ఏళ్ల తరబడి తెలిసిన మంత్రసానో చేసేవి. డబ్బులిచ్చి ముక్కూ ముఖం తెలియని మనిషి ముందు పడుకోవడం వేరు. పైగా స్పా అనే మాట పేపర్లో కనిపించేదే ఎక్కువగా పోలీసుల దాడుల వార్తల్లో. అందుకే నాలాగా వెనకాడుతున్న వాళ్ల కోసం, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం, ఏదీ దాచకుండా రాస్తున్నాను.

నేను వెళ్లింది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక కేరళ ఆయుర్వేద కేంద్రానికి. పేరు రాయడం లేదు. బాగున్నవి, బాగోలేనివి రెండూ చెప్పబోతున్నాను, పైగా నేను చూసింది ఒక్కరోజే. కేరళ పద్ధతే ఎందుకంటే, ఆడవాళ్లకి ఆడవాళ్లు, మగవాళ్లకి మగవాళ్లు చేయడం అక్కడ మామూలుగా పాటించే పద్ధతి. అయినా ఊహించుకుని ఊరుకోలేదు, ఫోన్ చేసి అడిగాను. చేసేది ఆడవాళ్లేనా, ముందు డాక్టర్ చూస్తారా, ఏ నూనె వాడతారు, మొత్తం బిల్లు ఎంతవుతుంది అని నాలుగే ప్రశ్నలు. ఫోన్ ఎత్తినావిడ విసుక్కోకుండా నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పింది. అక్కడే నాకు సగం ధైర్యం వచ్చింది. అంతకుముందు ఇంకో రెండు చోట్లకి చేస్తే "మీరు రండి మేడమ్, వచ్చాక మాట్లాడదాం" అన్నారు. ఫోన్‌లో రేటే చెప్పని చోటికి నేను వెళ్లను, మీరూ వెళ్లకండి.

60 నిమిషాల అభ్యంగనం 1800, ఆవిరి 300, దాని మీద 5 శాతం జీఎస్టీ, మొత్తం 2205 రూపాయలు. ఇక్కడ ఒక మాట. సెలూన్లు, స్పాలు, ఇలాంటి సేవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతమే. బిల్లు చేతికి రాగానే ఆ గీత ఒకసారి చూసుకోండి.

వెళ్లే ముందు ఏం చేయాలో వాళ్లే ఫోన్‌లో చెప్పారు. రెండు గంటల ముందు తేలికగా తినమన్నారు. కడుపు నిండా తిని వెళ్తే బోర్లా పడుకున్నప్పుడు ఆయాసం, అసలేమీ తినకుండా వెళ్తే ఆవిరి దగ్గర కళ్లు తిరుగుతాయి. నేను ఉదయం రెండు ఇడ్లీ తిని పదిన్నరకి వెళ్లాను, సరిపోయింది. నెలసరి మొదటి రోజుల్లో చేయరట, తేదీ చూసుకుని బుక్ చేసుకోమన్నారు. ముందు రోజు వ్యాక్సింగ్ లాంటివి చేయించుకోవద్దన్నారు, నూనె తగిలితే మండుతుందట. వాళ్లు చెప్పనిది, నేను చెప్పేది ఇంకోటుంది. నూనె మరక పడినా బాధపడని పాత కాటన్ డ్రెస్ వేసుకెళ్లండి, తలకి కట్టుకోవడానికి ఒక పాత కాటన్ చున్నీ పట్టుకెళ్లండి. నేను ఇస్త్రీ చీరలో వెళ్లాను, తిరిగి వచ్చేటప్పటికి జాకెట్టు వీపంతా నూనె.

పుస్తెలతాడు సంగతి చాలామందికి ఉంటుంది, అడగడానికి మొహమాటం. నేను లోపలికి వెళ్లాక అడిగాను. "తీయక్కర్లేదమ్మా, పక్కకి జరుపుకుంటూ చేస్తా" అంది మసాజ్ చేసే అమ్మాయి, అన్నట్టే చేసింది. వీపు చేసేటప్పుడు గొలుసుని నా చెంప పక్కకి జరిపి పెట్టింది, మెడ దగ్గరికి వచ్చినప్పుడు చెప్పి మరీ ఎత్తింది. మెట్టెలు కూడా తీయలేదు. గాజులు, చెవిదిద్దులు, చేతి గడియారం మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లడం మంచిది.

ఇక అసలు విషయం. నా లెక్కలో మసాజ్ బాగుంటుందా, పాడవుతుందా అనేది బల్ల ఎక్కకముందు, ఆ మొదటి పదిహేను నిమిషాల్లోనే తేలిపోతుంది. ఇక్కడ ముందు డాక్టరమ్మ కూర్చోబెట్టి బీపీ చూసింది. షుగర్ ఉందా, ఆపరేషన్లేమైనా అయ్యాయా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నారా, కాళ్లల్లో ఉబ్బిన నరాలు ఉన్నాయా, ఈ వారంలో జ్వరం వచ్చిందా, చర్మం మీద పుండ్లు, దద్దుర్లు ఉన్నాయా, అరుగుదల బాగుందా అని ఒక్కొక్కటే అడిగింది. అజీర్ణంగా ఉన్నప్పుడు అభ్యంగనం చేయకూడదని ఆయుర్వేదంలో నియమం ఉందట, అందుకే ఆ చివరి ప్రశ్న. మూడేళ్ల కిందట నాకు గర్భసంచి తీసేశారు. ఆ మాట చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, చెప్పాను. ఆవిడ కాగితం మీద రాసుకుని, పొట్ట మీద నూనె రాయడమే, ఒత్తడం ఉండదు అని చెప్పింది. లోపల ఆ అమ్మాయి సరిగ్గా అలాగే చేసింది. అంటే రాసుకున్న కాగితం ఆమె దాకా చేరింది. ఇలాంటి చిన్న విషయమే నాకు నమ్మకం కలిగించింది.

ఈ ప్రశ్నల్ని తేలిగ్గా తీసుకోవద్దు. మా వదిన డాలస్ నుంచి వచ్చినప్పుడు ఎడమ పిక్క వాచి, పట్టుకుంటే నొప్పిగా, కొంచెం వెచ్చగా ఉంది. అంతసేపు విమానంలో కూర్చున్నాను కదా, కండరం పట్టేసింది, నూనె పెట్టి గట్టిగా రుద్దితే పోతుంది అనుకుంది. నేనూ నూనె వేడిచేయడానికి లేచాను. పక్కింట్లో నర్సుగా చేసినావిడ ఉండబట్టి సరిపోయింది. ముట్టుకోవద్దు, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి అని ఒకటే పోరు పెట్టింది. స్కాన్‌లో పిక్క నరంలో రక్తం గడ్డ కట్టిందని తేలింది. రుద్దితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని డాక్టర్ చెప్పినప్పుడు నా కాళ్లు వణికాయి. ఒక కాలు మాత్రమే వాచి, నొప్పిగా ఉంటే మసాజ్ మాట ఎత్తకండి. గర్భంతో ఉన్నవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ముందు మీ డాక్టర్‌ని అడగండి. అసలు ఏమీ అడగకుండా నేరుగా గదిలోకి తీసుకెళ్లే చోటైతే మీరే చెప్పండి, చెప్పినా వినిపించుకోకపోతే తిరిగి వచ్చేయండి.

గది చిన్నదే. మధ్యలో పొడవాటి చెక్క బల్ల, చుట్టూ అంచు, నూనె కిందికి కారిపోవడానికి తలవైపు, కాళ్లవైపు చిన్న గాడి. దాన్ని ద్రోణి అంటారు. మూల ఒక విద్యుత్ పొయ్యి మీద గిన్నెలో నీళ్లు, ఆ నీళ్లల్లో ఇంకో చిన్న ఇత్తడి గిన్నెలో నూనె. నాకు రాసినది ధన్వంతరం తైలం. నువ్వుల నూనెలో పాలు, ముత్తవ పులగం వేరు, ఇంకా చాలా మూలికలు వేసి కాస్తారు. ఆ వాసన మొదట ఘాటుగా, కషాయంలా అనిపించింది, కాసేపటికి చిన్నప్పటి ఇంట్లో ఆముదం కాచిన రోజులు గుర్తొచ్చాయి. కీళ్ల నొప్పులకి కొట్టంచుక్కాది, వాపు, మంట ఉన్నవాళ్లకి పిండ తైలం, ఇలా మనిషిని బట్టి నూనె మారుస్తామని చెప్పారు. వాసన పడకపోయినా, ఏదైనా పడని దినుసున్నా ముందే చెప్పాలి. కావాలంటే ముంజేతి మీద కొంచెం రాసి చూడమని అడగండి.

బట్టల విషయం సూటిగా చెప్తాను, అందరి టెన్షన్ అదే కాబట్టి. ఒకసారి వాడి పారేసే లోదుస్తు ఒకటి, పెద్ద తువ్వాలు ఒకటి ఇచ్చి ఆ అమ్మాయి బయటికి వెళ్లిపోయింది. మీకు ఎంతవరకు ఇబ్బంది లేదో అంతవరకే తీయండి, మిగతాది ఉంచుకున్నా ఫర్వాలేదు అంది. నేను తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాక తలుపు తట్టి, సరే అన్నాకే లోపలికి వచ్చింది. ఏ భాగం చేస్తుంటే అంతవరకే తువ్వాలు జరపడం, అయిపోగానే కప్పేయడం. ఎదురుగా ఉన్న మనిషి నా ఒంటిని చూస్తున్నట్టు కాకుండా తన పని తాను చేసుకుపోతున్నట్టు ఉంటే ఆ సిగ్గు ఐదు నిమిషాల్లో పోతుంది, ఇది మాత్రం నిజం. నాకు పోయింది. మీకు పోకపోతే పైభాగం వరకే చేయమని అడిగే హక్కు మీకుంది. భుజాలు, మెడ, తల మాత్రమే చేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారట.

ముందు స్టూల్ మీద కూర్చోబెట్టి మాడు మీద గోరువెచ్చని నూనె పోసింది. కళ్లు మూసుకుని ఏదో చిన్నగా చదువుకుంది, అరనిమిషం. తర్వాత తల, చెవుల వెనక, మెడ, భుజాలు. తర్వాత బల్ల మీద వెల్లకిలా, ఒక పక్కకి, బోర్లా, ఇంకో పక్కకి. నూనెతో బల్ల జారుడుబండలా ఉంటుంది. పక్కకి తిరిగేటప్పుడు తొందరపడకండి, ఆమె చెయ్యి పట్టుకునే తిరగండి. దిగేటప్పుడైతే మరీ జాగ్రత్త, నేను దిగేటప్పుడు ఆమె రెండు చేతులతో నా నడుము పట్టుకుంది.

కాళ్లు, చేతులు చేస్తున్నంతసేపూ హాయిగానే ఉంది. పొడవుగా, ఒకే వేగంతో, భుజం నుంచి వేళ్ల చివర దాకా అరచెయ్యి జారుతుంటే శ్వాస దానంతటదే నెమ్మదించింది. అసలు పరీక్ష వీపు దగ్గర. రెక్క ఎముక లోపలి అంచున, నేను చెప్పిన చోటే, ఆమె బొటనవేలు ఆగింది. ఆ చోట కండరం తాడులా ఉందని నాకే తెలిసింది. వేలు దాని మీద అడ్డంగా వెళ్లినప్పుడల్లా కటుక్కుమని పక్కకి జారి మళ్లీ తన చోటికి వచ్చేస్తోంది. ఒత్తిడి పెంచింది. నొప్పి ప్రాణం పోతున్నట్టు ఉంది. అయినా నోరెత్తలేదు. నొప్పి భరిస్తేనే గుణం కనిపిస్తుందనుకున్నాను. ఆమెకి తెలిసినంత నాకేం తెలుసు అనుకున్నాను. పళ్లు బిగపట్టి, ఊపిరి బిగపట్టి పడుకున్నాను.

ఆమే ఆపింది. "అమ్మా, కాలివేళ్లు ముడుచుకున్నారు. నొప్పి ఎక్కువ ఉందా?" అని అడిగింది. అప్పుడు చెప్పాను, సగం చాలు తల్లీ అని. తగ్గించింది. తగ్గించాక జరిగినది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అంత గట్టిగా ఒత్తినప్పుడు లొంగని ఆ తాడు, సగం బరువుతో వేలు పెట్టి, కదపకుండా, నేను మూడు నాలుగు సార్లు ఊపిరి వదిలేదాకా ఊరికే ఉంచితే మెల్లగా మెత్తబడింది. నేను బిగపట్టినంతసేపూ కండరం కూడా బిగపట్టిందన్నమాట. మన ఒంటిని మనమే అడ్డం పెట్టి, గట్టిగా ఒత్తలేదని వాళ్లని అంటాం.

అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు, నోరు తెరవడం. నాలుగు మాటలు చాలు. కొంచెం తగ్గించమ్మా. ఇక్కడ ఇంకాసేపు ఉండు. ఇక్కడ ముట్టుకోవద్దు. చలిగా ఉంది. నొప్పిలో తేడా కూడా తెలుసుకోవచ్చు. నొక్కుతుంటే బాధగా ఉన్నా ఊపిరి మామూలుగా ఆడుతూ, వదలగానే తేలికగా ఉంటే అది ఫర్వాలేని నొప్పి. జివ్వుమని చేతిలోకో కాలిలోకో కరెంటులా పాకినా, తిమ్మిరెక్కినా, సూదితో పొడిచినట్టున్నా వెంటనే ఆపమని చెప్పాలి. వెన్నెముక మీద నేరుగా ఒత్తకూడదు, మెడ ముందువైపు ఒత్తకూడదు. ఆ అమ్మాయి వెన్నుకి రెండు పక్కలా చేసింది తప్ప పూసల మీద బరువు వేయలేదు.

మాట్లాడాలా, మౌనంగా ఉండాలా అని కూడా కొందరికి సందేహం. మీ ఇష్టం. కళ్లు మూసుకుంటే వాళ్లే మాటలు ఆపేస్తారు. పొట్టలో శబ్దాలు వస్తాయి, నిద్ర పడుతుంది, కొందరు ఏడుస్తారట కూడా, వాళ్లు రోజూ చూసేవే. నాకు అరికాళ్లు చేస్తున్నప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మ పోయాక నా అరికాళ్లు ఇంకొకరు పట్టడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి ఏమీ అడగలేదు. ఒక చిన్న గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్లీ పని మొదలుపెట్టింది.

తర్వాత ఆవిరి. చెక్కపెట్టెలో కూర్చోబెట్టి తల మాత్రం బయటికి ఉంచుతారు, మెడ చుట్టూ తువ్వాలు. పది నిమిషాలన్నారు, ఆరో నిమిషానికే నాకు గుండె దడదడలాడినట్టయింది, చాలన్నాను, వెంటనే తీసేశారు, జీలకర్ర వేసి కాచిన నీళ్లు ఇచ్చారు. బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ సరే అంటేనే ఇందులో కూర్చోండి. మొదటిసారికి ఆవిరి లేకపోయినా ఏమీ లోటుండదని నా అభిప్రాయం.

స్నానం దగ్గర మాత్రం నాకు నచ్చలేదు. నూనె వదలడానికి పెసరపిండి ఇచ్చారు, మంచిదే, సబ్బు కంటే అదే బాగా వదులుతుంది. కానీ ఇచ్చింది గుప్పెడు కూడా లేదు. ఒళ్లంతా నూనెతో ఉన్న మనిషికి అదేం చాలుతుంది? నీళ్లు గోరువెచ్చగా మొదలై సగంలో చల్లబడ్డాయి. అన్నిటికంటే ముఖ్యం, బాత్రూమ్ నేల మీద పట్టా లేదు, పట్టుకోవడానికి గోడకి కడ్డీ లేదు. నూనె కాళ్లతో, ఆవిరి నుంచి లేచి వచ్చిన మనిషి నున్నటి టైల్స్ మీద నడవాలి. మా అత్తగారి వయసువాళ్లు పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఈ మాట రిసెప్షన్‌లో గట్టిగానే చెప్పాను, వాళ్ల పుస్తకంలో కూడా రాశాను. బయటికి వచ్చాక మాడు మీద చిటికెడు రాస్నాది చూర్ణం రుద్దారు, తడితలకి జలుబు చేయకుండా అని. తలలో నూనె మాత్రం ఇంట్లో రెండుసార్లు కుంకుడుకాయలతో రుద్దితే గానీ పోలేదు.

బిల్లు కట్టేటప్పుడు ఇంకో ఇబ్బంది. ఒళ్లు దూదిపింజలా తేలిపోతూ, ఎవరేమన్నా తల ఊపేసే స్థితిలో మనం ఉంటాం, సరిగ్గా అప్పుడే ఏడు రోజుల ప్యాకేజీ కాగితం ముందు పెడతారు. 11,900 అట, ఈరోజే కడితే తగ్గింపు అట, ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయట. ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్తానన్నాను. ఇంకో రెండుసార్లు అడిగారు, అదే మాట చెప్పాను, వదిలేశారు. విషాలు పోవడమనే మాట నేను నమ్మను. ఒంట్లో వ్యర్థాలు తీసేయడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి, వీపు మీద నూనె రుద్దితే ఆ పని జరగదు. మసాజ్ చేసేది చేస్తుంది, అది తక్కువేమీ కాదు. బిగుసుకున్న కండరం వదులవుతుంది, మనసు నెమ్మదిస్తుంది, నిద్ర పడుతుంది. లేనిది కల్పించి చెప్పడం వల్ల ఉన్నదాని మీద కూడా జనానికి నమ్మకం పోతుంది, అదే నాకు బాధ.

నాకు ఎంత పనిచేసిందంటే, ఆ రాత్రి తొమ్మిదింటికి పడుకుంటే తెల్లారి ఆరింటికి మెలకువ వచ్చింది, మధ్యలో ఒక్కసారీ లేవలేదు. మర్నాడు మాత్రం వీపంతా, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన రోజున ఉన్నట్టు, ముట్టుకుంటే నొప్పి. ఒకటి రెండు రోజులు అలా ఉండటం మామూలే అని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. మూడో రోజు సోమవారం, పదో తరగతికి త్రికోణమితి. బోర్డు పై అంచు దాకా చెయ్యి ఎత్తి రాశాను. చెయ్యి ఎత్తేటప్పుడు నేను ఎప్పుడూ ఎడమ చేత్తో కుడి మోచెయ్యిని పట్టుకుంటానని, ఆరోజు పట్టుకోలేదని, పిల్లల్లో ఒకమ్మాయి గమనించి "భుజం తగ్గిందా టీచర్" అని అడిగింది. ఆ తేలిక దాదాపు వారం ఉంది. తర్వాత మెల్లగా మళ్లీ బరువు మొదలైంది, అయితే మునుపటంత కాదు, ఎందుకంటే ఆ వారంలో ఫిజియో చెప్పిన వ్యాయామాలు మొదటిసారి పూర్తిగా చేయగలిగాను. మసాజ్ ఒక్కటే చాలనుకుంటే డబ్బు దండగ. వ్యాయామంతో కలిపి చేస్తే దానికి అర్థముంది.

కేరళ పద్ధతి నూనె నచ్చనివాళ్లకి వేరే దారులున్నాయి. థాయ్ మసాజ్‌లో బట్టలు తీయక్కర్లేదు, నూనె ఉండదు, వదులు బట్టలు వేసుకుని నేల మీద పరుపులో పడుకుంటే ఒళ్లు సాగదీస్తూ, ఒత్తుతూ చేస్తారు. 2019లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బట్టల గురించే భయమైతే దానితో మొదలుపెట్టొచ్చు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి. స్వీడిష్ అంటే తేలికపాటి నూనెతో మెత్తగా చేసేది. డీప్ టిష్యూ అనే మాట చూసి మొదటిసారే దానికి వెళ్లకండి, అది గట్టిగా ఒత్తేది, మీ ఒళ్లు ఎంత తట్టుకుంటుందో మీకే ఇంకా తెలియదు.

మగవాళ్లకి ఒక మాట, మా తమ్ముడికి ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో. క్షవరం అయ్యాక మెడని రెండు వైపులా టపీమని విరిపించుకోవడం మానేయండి. మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళాలు ఆ విసురుకి చిరిగి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి. 2022లో హైదరాబాద్‌లోనే, పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగా 50 ఏళ్ల ఒకావిడకి స్ట్రోక్ వచ్చింది, పేపర్లన్నిటిలో వచ్చిన విషయమే. మెడ విషయంలో ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా విరవనివ్వకండి.

ఇంకొక్క విషయం. చేతులు మీకు ఇష్టం లేని చోటికి వెళ్లినా, మాట తేడాగా ఉన్నా, గదిలో ఫోన్ బయటికి తీసినా, లేచి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేయండి. సగంలో లేవడం మర్యాద కాదేమో అని ఆలోచించకండి. నా అనుభవంలో అలాంటిదేమీ జరగలేదు, కానీ ఇది తెలియక ఊరుకున్నవాళ్లు ఉంటారని రాస్తున్నాను.

వచ్చేటప్పుడు ఆ అమ్మాయి చేతిలో 200 పెట్టాను. ఇవ్వాలనే నియమం లేదు, ఎవరూ అడగలేదు. రోజుకి ఎంతమందికి చేస్తావు తల్లీ అని అడిగితే నలుగురికి, పండగ రోజుల్లో ఐదారుగురికి అంది. బొటనవేలి మొదట్లో ఒక పట్టీ కట్టుకుని ఉంది. నీ చేతులకి ఎవరు చేస్తారు అని అడిగాను. రాత్రి హాస్టల్లో ఒకరికొకరం చేసుకుంటాం అమ్మా, మిగిలిన నూనెతో అంది. 24 ఏళ్లు సుద్దముక్క పట్టిన నాకు ఒక భుజం ఇలా అయితే, రోజంతా బొటనవేళ్ల మీద బతికే వాళ్ల చేతులు పదేళ్ల తర్వాత ఎలా ఉంటాయో. అందుకే, ఒత్తిడి సరిపోలేదని విసుక్కునే ముందు మర్యాదగా ఒకసారి అడగండి. ఆ గంటలో పని చేస్తున్నది ఆమె.

మొత్తం మీద ఐదుకి నాలుగిస్తాను. చేసిన అమ్మాయికి, ముందు కూర్చోబెట్టి అడిగిన డాక్టరమ్మకి పూర్తి మార్కులు. బాత్రూమ్‌కి, ప్యాకేజీ పోరుకి ఒకటి తీసేశాను. వచ్చే నెల రెండో శనివారం మళ్లీ బుక్ చేసుకున్నాను, అదే అమ్మాయి కావాలని చెప్పాను. ఈసారి ఆవిరి వద్దు, 45 నిమిషాలు, మెడ, భుజాలు, అరికాళ్లు. బాత్రూమ్‌లో పట్టా వేశారా అని ఫోన్‌లో అడిగాను, వేశామన్నారు, వెళ్లినప్పుడు చూస్తాను. పెసరపిండి మాత్రం ఇంటి నుంచే డబ్బాలో పోసి పట్టుకెళ్తున్నాను.